బుడగలు రాని గ్లాసు

వరదానం గారు వేసిన గొట్టం ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఎందుకంటే, తప్పిందని రాసి ఉన్న కాగితం ఒకటుంది. దాని కింద సాక్షిగా నా సంతకం ఉంది. చినబాబు అని తెలుగులో, గుండ్రంగా, చివర తోక తిప్పి మరీ పెట్టాను.

నర్సీపట్నంలో కొయ్యూరు వెళ్లే రోడ్డు పక్కన అప్పట్లో ఒక ట్రస్టు వాళ్ల చిన్న పశువుల ఆసుపత్రి ఉండేది. ఇప్పుడు లేదు, వెతక్కండి. ఆవులు, గేదెలు, మేకలు మా రోజువారీ పని. వాటితోపాటు కొండల్లోంచి అడవి జంతువులూ వచ్చేవి. ఉచ్చులో కాలు తెగినవి, కుక్కలు కరిచినవి, తల్లి పోయినవి. వెనక రెండు గదులు వాటికని ఉంచారు. నేను అక్కడ కాంపౌండర్ని. మాది గొలుగొండ దగ్గర చెరకు పండించుకునే ఇల్లు. తొంభై నాలుగులో చేరాను. నాకంటే ముందునుంచీ వరదానం గారు అటెండరు. కాగితాల్లో ఆయన పని గదులు కడగడం, జంతువు తన్నకుండా పట్టుకోవడం. అసలు పని వేరు. నోటితో తినలేని జంతువుకి తిండి పొట్టలోకి చేర్చడం ఆయన పని. డాక్టరు గారికి అది చదువులో వచ్చు, చేతిలో రాదు.

వరదానం గారికి ఆ విద్య బడిలో రాలేదు. పెద్ద కూతురు ఎస్తర్ రాణి నెలలు నిండకుండా పుట్టింది. పాలు చీకే ఓపిక లేదు. తల్లి ప్రేమావతి గారు జ్వరంతో వేరే వార్డులో ఉన్నారు. నర్సమ్మ ఎంతమంది పిల్లల దగ్గర కూర్చుంటుంది? పసిదాని ముక్కులోంచి సన్న గొట్టం వేసి పాలు ఎలా వదలాలో ఈయనకే నేర్పేసింది. నలభై రోజులు ఈ మనిషి తన పిల్లకి చుక్క చుక్క పోశాడు. ఆ పిల్ల బతికింది, బళ్లో పరుగు పందేల్లో కప్పులు తెచ్చింది. అందుకే ఆయన తన కుడిచేతి గురించి కొంచెం గర్వంగా ఉండేవారు. మిగతా అన్నింట్లోనూ మెత్తటి మనిషి, ఆ ఒక్క విషయంలో కాదు.

ఆయన పద్ధతి చెబుతాను. చల్లబడిన జంతువుకి ముందు పాలు పోయరు. గోనెలు కప్పి, వేడినీళ్ల సీసాలు పక్కన పెట్టి, చెవులు వెచ్చబడేదాకా కూర్చుంటారు. చల్లటి పొట్టలో పాలు అరగవు, విరిగి చంపేస్తాయి. తర్వాత గొట్టాన్ని జంతువు మూతి దగ్గర్నుంచి చివరి పక్కటెముక దాకా పక్కన ఆనించి కొలుస్తారు, అక్కడ ప్లాస్టరు ముక్క అంటిస్తారు. గొట్టం లోపలికి వెళ్లాక బయటి కొసని నీళ్ల గ్లాసులో ముంచుతారు. జంతువు ఊపిరి వదిలినప్పుడల్లా బుడగలొస్తే గొట్టం ఊపిరితిత్తుల దారిలో ఉన్నట్టు. వెంటనే తీసేయాలి. పోశామా, జంతువు లోపల్లోపలే మునిగి చస్తుంది. బుడగలు రాకపోతే అప్పుడు పాలు. తీసేటప్పుడు చుక్క కూడా జారకుండా కొసని వేలితో నొక్కి లాగుతారు. ఇవన్నీ ఆయన చేతులు చేసేవి. గ్లాసు పట్టుకుని చూసి చెప్పడం మాత్రం నా పని. "బుడగల్లేవండి" అని నేనంటే తప్ప ఆయన చుక్క వదిలేవారు కాదు. ఏళ్ల తరబడి నా కళ్లని అంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు, మా ఆవిడతో సహా.

ఇంకో పద్ధతి కూడా ఉంది. తిండి పెట్టేటప్పుడు జంతువు కళ్లకి పాత దిండుగలీబు కప్పుతారు. ఒక్క మాట మాట్లాడరు, నిమరరు. మేం సరదాగా పేర్లు పెడితే మండిపడేవారు. "పేరెట్టీసేవంటే అది మనదైపోద్ది. మనది కాదది, కొండది," అనేవారు. పంపించే ముందు వారం మాత్రం ఆ గదిలో గోల వినాలి. దానికి మేం తిట్ల వారం అని పేరు పెట్టాం. ఒక సత్తు పళ్లెం, ఇనుప గరిటె పట్టుకుని వాయిస్తూ, చీపురు నేలకేసి కొడుతూ, నీళ్లు చల్లుతూ, ఆదివారం చర్చిలో పాట కూడా గట్టిగా పాడని ఆ మనిషి నోటికొచ్చినట్టు తిట్టేవారు. రోడ్డున పోయేవాళ్లు ఆగి, లోపల ఏం తగువని అడిగేవారు. అడవికి పోయేది మనిషిని చూస్తే పారిపోవాలి. పెంచిన చెయ్యే కదా అని ఆగిందో, ఎవడో ఒకడి కూరైపోతుంది. ఓసారి ఎలుగు పిల్లొకటి రెండు నెలలు ఆయన పోసిన చోడి అంబలి, అదే రాగిజావ, తాగి, ఆఖరి రోజున ఆయన బొటనవేలు చీరేసింది. కట్టు కట్టించుకుంటూ పెళ్లి కొడుకులా నవ్వారు.

డాక్టరు దయాకర్ బాబు గారిదీ ఆ చర్చే. ఆయన ముందు బెంచీ, వరదానం గారు వెనక బెంచీ. చర్చిలో "బ్రదర్ వరదానం", ఆసుపత్రిలో ఉత్త "వరదానం". అయినా చెడ్డవాడని అనలేను. రాత్రీ పగలూ చూడకుండా గేదెల పురుళ్లకి పరిగెత్తిన మనిషే. వరదానం గారికి ఆయన మాట బైబిలు వాక్యంతో సమానం.

రెండువేల ఒకటి వానల్లో కొయ్యూరు వైపు నుంచి ఫారెస్టు గార్డు మత్స్యలింగం ఒక కొండగొర్రె పిల్లని సంచిలో తెచ్చాడు. కుక్కలా మొరిగే చిన్న జింక జాతి అది. వేట కుక్కలు ఎడం చెవి సగం కొరికేశాయి, దవడ వాచి నోరు తెరవలేకపోతోంది. ఒళ్లు మంచులా ఉంది.

"బతుకుద్దంటావా మావా?" అని మత్స్యలింగం అడిగాడు. అతనికి వరదానం గారు మావే.

"ముందు వెచ్చబడనీ. బతికితే నీ కొండకే పంపుతాను. నా మాట," అన్నారు వరదానం గారు.

ఆ మాట నా ముందే ఇచ్చారు. అది నిలబెట్టుకోవడానికే మూడు వారాలు, రోజుకి ఆరుసార్లు మేకపాలు గొట్టంతో పోశారు. తల్లి నాకినట్టు తడి దూదితో వెనక భాగం తుడిస్తే తప్ప ఆ పిల్ల మూత్రం పోయదు. అది కూడా ఆయనే. వాపు తగ్గింది, నోరు తెరుచుకుంది, ఆకులు కొరకడం మొదలెట్టింది. డిసెంబరుకల్లా గది గోడ సగం దాకా ఎగిరేది. వరదానం గారు సత్తు పళ్లెం, గరిటె బయటికి తీశారు.

"తిట్ల వారం వద్దు," అన్నారు డాక్టరు గారు. "దీని గుండె బలహీనంగా ఉంది వరదానం. జింకలు భయపడితే గుండె ఆగి పోతాయి, నీకు తెలుసు కదా. కొంచెం మనుషులకి అలవాటు పడనీ. చేత్తో పెట్టు, మాట్లాడు. గట్టిపడ్డాక జనవరిలో పంపుదాం."

"మాటాడితే మరిగిపోద్దేమో అయ్యగారూ?"

"నేను చెప్తున్నా కదా. ప్రార్థన చేసే చెప్తున్నాను."

జింకలు భయంతో చనిపోతాయన్నది నిజమే కాబట్టి ఆయన నమ్మారు. ప్రార్థన మాట విన్నాక ఇక అడగనే లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి వరదానం గారు ఒక అడవి జంతువుతో మాట్లాడారు. మొదట సిగ్గుపడ్డారు, తర్వాత బాగానే అలవాటైంది. "రా అమ్మా, రా, అంబలి తాగు," అని పిలిచేవారు. సత్తు పళ్లెంలో అంబలి కలుపుతుంటే గరిటె తగిలి టంగు టంగుమనేది. ఆ చప్పుడు వింటే చాలు, కొండగొర్రె గెంతుకుంటూ వచ్చి ఆయన మోకాలికి తల రాసేది. ముందు అన్ని జంతువుల్ని తరిమిన పళ్లెమే దీనికి భోజనం గంట అయింది. ఆయన మొహంలో ఆ నెల రోజులు ఉన్న సంతోషం గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది, నా మీదే.

జనవరిలో చర్చి సభలకి రెండు రోజులు వెళ్లి రమ్మని డాక్టరు గారే సెలవిచ్చారు. వెళ్లే పొద్దున ఏదో పొట్ట మందిచ్చి, గొట్టంతో పోసి వెళ్లమన్నారు. చక్కగా నవిలి తినే జంతువుకి గొట్టం ఎందుకని నాకూ అనుమానం వచ్చింది, అడగలేదు. వరదానం గారు కొలిచారు, వేశారు. నేను గ్లాసు పట్టుకున్నాను.

"ఏటి సినబాబూ?"

"బుడగల్లేవండి."

మందు వదిలారు, కొస నొక్కి తీశారు. కొండగొర్రె ఒళ్లు దులుపుకుని పళ్లెం కేసి చూసింది. ఆయన బస్సుకి వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం రోలుగుంట వైపు నుంచి ఒక జీపొచ్చింది. జీడితోట ఆసామిది. ఆసుపత్రికి కొత్త షెడ్డు కట్టుకోవడానికి స్థలం ఇస్తానన్న పెద్దమనిషి. ఆయన మనవలు ఒకసారి మా ఆసుపత్రికి వచ్చి కొండగొర్రెని చూసి ఇంటికి తీసుకెళ్తామని మారాం చేశారట. డాక్టరు గారు దాన్ని తానే జీపెక్కించారు. గింజుకోలేదు. ఎందుకు గింజుకుంటుంది, నెల రోజులుగా మనుషులు మంచివాళ్లని నేర్పాం కదా.

"ఒక్కదాన్ని ఇస్తే వంద జంతువులకి షెడ్డు వస్తుంది చినబాబూ," అన్నారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఫారెస్టు వాళ్లకి లెక్క చెప్పాలి కాబట్టి కాగితం అప్పటికే రాసి ఉంది. గొట్టం ద్వారా ఇచ్చిన ద్రవం అటెండరు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయి జంతువు చనిపోయిందని, పూడ్చేశామని. సాక్షి సంతకం దగ్గర గీత గీసి ఉంది. ఆ నెలలో నేను ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటున్నాను. దానికి ఆయనిచ్చే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ కూడా అదే బల్ల మీద, అదే పేపర్‌వెయిట్ కింద ఉంది. ఆయన దాని గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. సంతకం పెట్టేశాను.

సభల నుంచి వరదానం గారు ఒక కమలాపండు తెచ్చారు, తొక్క దానికి ఇష్టమని. గది ఫినాయిలు వాసన కొడుతోంది. డాక్టరు గారు భుజం మీద చెయ్యేసి చెప్పారు. "ఎవరికైనా జరుగుతుంది బ్రదర్." ఆసుపత్రిలో బ్రదర్ అనడం అదే మొదలు.

ఆయన నా దగ్గరికి వచ్చారు. చేతిలో కమలాపండు అలాగే ఉంది.

"సినబాబూ, నిజం సెప్పు. గ్లాసులో బుడగలు రాలేదు కదా? నువ్వే కదా సూసావు?"

ఒక్క మాట. రాలేదండి, అది బతికే ఉంది అనుంటే సరిపోయేది. నా నోట్లోంచి వచ్చింది ఇది: "ఆ రోజు సరిగ్గా సూళ్లేదండి."

ఆయన కాసేపు తన కుడిచెయ్యి కేసి చూసుకున్నారు. తర్వాత గొట్టాలన్నీ కడిగి, ఆరబెట్టి, అల్మారాలో పెట్టి తాళం నాకిచ్చేశారు. మళ్లీ ముట్టుకోలేదు. ఫిబ్రవరిలో ఒక దుప్పి పిల్ల వస్తే డాక్టరు గారు తానే గొట్టం వేశారు. అది పోయింది. పక్క గదిలో వరదానం గారు నేల కడుగుతూనే ఉన్నారు. ప్రేమావతి గారు ఒకరోజు నన్ను రోడ్డు మీద ఆపి అడిగారు.

"మీ వరదానం గారు అన్నం సరిగ్గా తినడం లేదు బాబూ. ఆ సేత్తో కూతురికి పాలు పోసినోడు. ఆ సెయ్యి తప్పుతాదా, నువ్వే సెప్పు."

బేగి వెళ్లాలని చెప్పి తప్పించుకున్నాను. నా సర్టిఫికెట్ అప్పటికి వైజాగ్ చేరింది.

ఏప్రిల్ చివర్లో మత్స్యలింగం వచ్చాడు. జీడితోటలో మంటంటుకుందని చుట్టుపక్కల గార్డులందర్నీ పిలిస్తే తనూ వెళ్లాడట. "మావా, నువ్వు సంపీసానన్న కొండగొర్రె ఆ తోటలో ఉన్నాది. ఎడం సెవి సగం లేదు. మెడకి గంట కట్టినారు," అన్నాడు. వరదానం గారు కడుగుతున్న బకెట్ కింద పెట్టారు. అతన్ని రెండోసారి చెప్పమన్నారు. అతను చెప్పాడు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, వాటిలో పెద్ద విశేషం లేదు. మత్స్యలింగం పైకి రాశాడు, వాళ్లొచ్చి దాన్ని జూకి తీసుకెళ్లారు, మనుషులకి మరిగింది కాబట్టి అడవికి పనికిరాదని. డాక్టరు గారు ఆ కాగితం గురించి పొరపాటు పడ్డామన్నారు, పడ్డాం అని నన్నూ కలుపుకుని. షెడ్డు లేచింది, మూడేళ్లకి ట్రస్టు వాళ్లు దాన్నీ ఆసుపత్రినీ మూసేశారు. నాకు ఉద్యోగం వచ్చింది. వరదానం గారు ఆ నెలలోనే ఆసుపత్రి మానేసి మేకలు పెంచుకున్నారు. వెనక బెంచీ మాత్రం మానలేదు. డాక్టరు గారు ముందు బెంచీ మానలేదు. అటెండరు పొరపాటు అన్న కాగితాన్ని ఎవరూ చింపలేదు. నాకు తెలిసి అది ఇప్పటికీ ఏదో ఫైల్లో ఉంది.

కానీ మత్స్యలింగం చెప్పిన మర్నాడు పొద్దున, జూ వాళ్లు రాకముందు, వరదానం గారు నన్ను తీసుకుని ఆ తోటకి వెళ్లారు. నన్నెందుకు రమ్మన్నారో చెప్పలేదు. నేను సైకిలు తొక్కాను, ఆయన వెనక కూర్చున్నారు, ఒళ్లో గుడ్డ సంచి. తోటమాలి తెలిసినవాడే, చూసి వదిలేశాడు. తోట వెనక కంచె తెగిపోయి ఉంది, అవతల నుంచి కొండ మొదలవుతుంది. కొండగొర్రె ఒక జీడిచెట్టు నీడలో పడుకుని ఉంది. బాగా బలిసింది. మెడకి ఎర్ర రిబ్బను, చిన్న గంట.

వరదానం గారు ముందు రిబ్బను కోసేశారు. తర్వాత పదడుగులు వెనక్కి నడిచి, కంచె తెగిన వైపు దానికి దారి వదిలి, సంచిలోంచి సత్తు పళ్లెం, ఇనుప గరిటె తీశారు. అప్పుడు నాకర్థమైంది. ఆగిపోయిన తిట్ల వారం ఆయన ఆ పూట పూర్తి చేయబోతున్నారు.

వాయించారు. "పో, ముండా, పో, నీ కొండకి పో," అని తిట్టారు. కొండగొర్రె చెవులు నిక్కబొడిచింది. లేచింది. గెంతుకుంటూ ఆయన దగ్గరికే వచ్చింది.

ఇంకా గట్టిగా వాయించారు. అది ఇంకా దగ్గరికొచ్చింది. మట్టి తీసి దాని మొహం మీద చల్లారు. అది తల విదిలించుకుని, ఆయన మోకాలికి రాసి, పళ్లెం కేసి మూతి చాపింది. ఆయన తిట్లలో మాటలు అయిపోయాయి. గొంతు పోయింది. గరిటె కొడుతూనే ఉన్నారు, అది ఓపిగ్గా నిలబడే ఉంది, అంబలి కోసం. చివరికి ఆయన నేల మీద కూలబడ్డారు.

"సినబాబూ," అన్నారు, నా వైపు చూడకుండా. "ఆ రోజు బుడగలొచ్చినాయా?"

"రాలేదండి."

"సూసావు కదా?"

"సూసానండి. బతికుండగా జీపెక్కించడం కూడా సూసాను."

ఆయన తిట్టలేదు. తిట్టుంటే ఈ కథ నేను రాసేవాణ్ని కాదేమో.

"ఆయనంటే పెద్దోడు, ఆయనకేవో లెక్కలుంటాయి," అన్నారు. "నాను నిన్ను కదా అడిగాను. నువ్వు రాలేదని ఒక్క మాట అనుంటే, మరి సావనప్పుడు ఎక్కడుందని ఆ వారమే ఎతికుందును. అప్పటికింకా దీనికి బెదురు నేర్పొచ్చు. ఇప్పుడు నేర్పలేను. దీనికి మనిషంటే తిండే."

ఆయన లేచి చెట్ల కింద రాలిన జీడిమామిడి పళ్లలో మంచివి నాలుగు ఏరారు, గింజలు తుంపేసి, లుంగీకి తుడిచి పళ్లెంలో పెట్టారు.

"పళ్లెం కొట్టి పిలిచాం. ఏదోటి ఎట్టకపోతే దాన్ని మోసం సేసినట్టు," అన్నారు.

పళ్లెం అక్కడే వదిలేసి గేటు వైపు నడిచారు. నా సైకిలు కోసం ఆగలేదు. కొండగొర్రె నాలుగు పళ్లూ తినేసి, పళ్లెం నాకి, తలెత్తి చూసింది. ఆయన కనపడకపోయేసరికి నా దగ్గరికి వచ్చింది. నా కుడిచెయ్యి వాసన చూసి, వేళ్లు నాకడం మొదలుపెట్టింది.